తాండ్ర, చిక్కీ చేసే చిన్న యూనిట్‌కి తిరుపతి యూనివర్సిటీలు పనికొస్తాయా?

నమస్కారం అమ్మా. మీరు అడిగింది ఇదీ: చిత్తూరు దగ్గర పల్లెలో డ్వాక్రా సంఘం మహిళలు నలుగురు కలిసి మామిడి తాండ్ర, శెనక్కాయల చిక్కీ చేసి అమ్ముతున్నారు. జూన్, జులైలో చేసిన తాండ్ర అక్టోబరు వానలు మొదలయ్యేసరికి బంకగా మారి, నవంబరుకు బూజు పడుతోంది. అంగళ్ళవాళ్ళు తిప్పి పంపుతున్నారు. తిరుపతిలో ఇన్ని యూనివర్సిటీలున్నాయి కదా, వాటి పరిశోధన మాలాంటివాళ్ళకు అక్కరకొస్తుందా, ఎవరిని కలవాలి, ఎంత ఖర్చవుతుంది, మా తయారీ పద్ధతి బయటికి పోతుందా?

అక్కరకొస్తుంది. "మా వ్యాపారం పెరగాలి, సాయం చెయ్యండి" అని వెళ్తే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. "మా తాండ్రకు అక్టోబరులో బూజు ఎందుకు పడుతోంది" అనే ఒక్క ప్రశ్న పట్టుకుని, శాంపిళ్ళతో, మీరు రాసుకున్న లెక్కలతో వెళ్ళండి. అలా వెళ్ళినవాళ్ళకు నాలుగైదు నెలల్లో జవాబు దొరకడం నేను చాలాసార్లు చూశాను. కొత్త సరుకు కనిపెట్టడం కంటే, మీ కంటికి కనబడకుండా జరుగుతున్న నష్టం ఎక్కడుందో పట్టుకోవడంలోనే యూనివర్సిటీ చిన్న యూనిట్‌కి ఎక్కువ మేలు చేస్తుంది.

నేను చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో క్వాలిటీ విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు చిన్న యూనిట్ల సమస్యలను ల్యాబుల దాకా తీసుకెళ్ళే పనిలో ఉన్నాను. ఈ జవాబు ఆ అనుభవంతోనే రాస్తున్నా.

ముందు మీ తాండ్ర సంగతి

బూజుకు కావలసింది తాండ్రలో ఉన్న మొత్తం తేమ కాదు, అందులో బూజు వాడుకోగలిగిన తేమ. ల్యాబులో దీన్ని వాటర్ యాక్టివిటీ అంటారు, సున్నా నుంచి ఒకటి వరకు కొలుస్తారు. మంచినీళ్ళది 1. మామూలు బూజులు చాలామటుకు 0.7 కింద పెరగలేవు. 0.6 కిందికి దిగితే ఏ సూక్ష్మజీవీ పెరగదు. మీ తాండ్ర 0.6, 0.65 మధ్య ఉంటే బూజు భయం దాదాపు ఉండదు, నమలడానికి మెత్తగానూ ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, తాండ్ర తన చుట్టూ ఉన్న గాలితో సమానమయ్యేదాకా తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్న చోట కవరు సరిగా లేని తాండ్ర పెడితే, కొన్ని వారాల్లో దాని వాటర్ యాక్టివిటీ 0.8 వైపు పోతుంది. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఎండాకాలంలో ఎంత బాగా ఎండబెట్టినా ఆ మూడు నెలలు మీ శ్రమనంతా వెనక్కి తీసుకుపోగలవు. గోదావరి జిల్లాల తాండ్రవాళ్ళు చెప్పే చిట్కాలు మీకు పూర్తిగా సరిపోకపోవడానికి ఇదొక కారణం: వాళ్ళ వానల క్యాలెండరు వేరు.

బూజుకు సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. ఒకటి, పైపొర ఎండి గట్టిపడి లోపలి పొర పచ్చిగా మిగలడం. ఒక పొర పూర్తిగా ఎండకముందే ఇంకో పొర పోస్తే ఇదే జరుగుతుంది. రెండు, బాగానే ఎండినా కవరు లోంచి, అతికిన అంచులోంచి తేమ లోపలికి పోవడం. పల్చటి పాలిథీన్ కవరును కొవ్వొత్తి మంటతో అతికిస్తే అంచు వెంబడి కంటికి కనబడని సందులుంటాయి. మూడోది చాలామందికి తెలియదు. తోతాపురి మామిడి పులుపు కాయ. పుల్లటి గుజ్జులో చక్కెర గాని బెల్లం గాని వేసి చాలాసేపు ఉడికిస్తే, చక్కెర విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. ఫ్రక్టోజు తేమను విపరీతంగా లాగుతుంది. అదే పాళ్ళతో, అదే ఎండలో చేసిన రెండు వాయల్లో ఒకటి నిలబడి ఇంకోటి బంకగా కావడానికి ఉడికించిన సమయం తేడా కారణం కావచ్చు.

ఈ మూడింట్లో మీది ఏదో తెలియకుండా డ్రయ్యరు కొనకండి. కారణం కవరైతే, లక్షలు పెట్టిన డ్రయ్యరు మీ బూజును ఆపదు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష

ల్యాబుకు పోకముందే మీరు సగం జవాబు రాబట్టవచ్చు. గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. గట్టిగా మూత పడే చిన్న డబ్బాలో మూడు వంతులు తాండ్ర ముక్కలు నింపి, ఆ మీటరు లోపల పెట్టి మూసి, ఒక రోజంతా నీడలో కదలకుండా ఉంచండి. తర్వాత మీటరు 68 చూపిస్తే మీ తాండ్ర వాటర్ యాక్టివిటీ ఇంచుమించు 0.68 అన్నమాట.

చవక మీటర్లు తప్పు చూపిస్తాయి కాబట్టి దాన్ని ముందు సరిచూసుకోవాలి. ఒక చిన్న గిన్నెలో వంట ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్ళు కలిపి, మీటరుతో పాటు డబ్బాలో మూసి రాత్రంతా ఉంచండి. ఉప్పు ముద్ద మీటరుకు తగలకూడదు. తడి ఉప్పు ఉన్న మూసిన గాలిలో తేమ ఎప్పుడూ 75 శాతమే ఉంటుంది. మీ మీటరు 79 చూపిస్తే, అది నాలుగు ఎక్కువ చూపిస్తోందని రాసిపెట్టుకుని ప్రతిసారీ తీసెయ్యండి.

రెండో పరీక్ష బరువు. ఒకే వాయలోని పది ప్యాకెట్ల మీద నంబర్లు వేసి, గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా మీద వారానికోసారి తూచి నోటు పుస్తకంలో రాయండి. వంద గ్రాముల తాండ్రలో 15 గ్రాముల నీళ్ళున్నాయనుకుందాం. అది మూడు గ్రాములు పెరిగితే తేమ 15 శాతం నుంచి పదిహేడున్నరకు చేరినట్టు. కవరు మూసి ఉండగానే బరువు పెరుగుతోందంటే నీళ్ళు కవరు దాటి వస్తున్నాయని అర్థం.

జూన్‌లో కట్టిన రోజే డబ్బా మీటరు 70 దాటితే లోపం ఎండబెట్టడంలో ఉంది. అప్పుడు 62 ఉండి అక్టోబరులో 75 అయితే లోపం ప్యాకింగులో ఉంది. ఈ నోటు పుస్తకం పట్టుకుని ప్రొఫెసరు గదిలోకి వెళ్ళిన రోజు మాట తీరే మారిపోతుంది. నేను చూసిన ప్రతి మంచి ఫలితం వెనక ఇలాంటి పుస్తకం ఒకటుంది.

ఎవరిని కలవాలి

తిరుపతిలో సంస్థలకు కొదవలేదు. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉంది. వ్యవసాయ కళాశాల 1961 నాటిది. దాంతో పాటు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో, పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో, ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్యా పరిశోధన సంస్థ) 2015లో వచ్చాయి. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఇన్ని గేట్లు చూసి జనం తికమకపడి, పేరు పెద్దదైన చోటికి ముందు వెళ్తారు. మీ సమస్యను బట్టి వెళ్ళండి.

తాండ్ర, చిక్కీ లాంటి తిండి పదార్థాలకు నేను మొదట పంపేది మహిళా విశ్వవిద్యాలయం హోమ్ సైన్స్ విభాగానికి. ఆహారం, పోషకాల మీద పనిచేసేవాళ్ళు అక్కడున్నారు, మహిళా సంఘాలతో మాట్లాడటం వాళ్ళకు అలవాటు. మహిళలు నడిపే చిన్న వ్యాపారాలు నిలదొక్కుకునేదాకా చేయూతనిచ్చే ఇంక్యుబేషన్ కేంద్రం కూడా అక్కడుంది. శెనక్కాయల రకం, గింజ నాణ్యత, ఆరబెట్టడం గురించి అయితే వ్యవసాయ పరిశోధన స్థానం. నారాయణి, ధరణి వేరుశనగ రకాలు అక్కడివే, మన కరువు నేలను చూసి తయారుచేసినవి. పాలు, కోవా, నెయ్యి విషయమైతే పశువైద్య విశ్వవిద్యాలయం కిందున్న డెయిరీ టెక్నాలజీ కళాశాల. బూజు ఏ జాతిదో తేల్చాలంటే వెంకటేశ్వర యూనివర్సిటీ మైక్రోబయాలజీ విభాగం. ఐఐటీ, ఐసర్‌లలో ఖరీదైన పరికరాలుంటాయి, కానీ మీ దశలో వాటి అవసరం రాదు. యంత్రం డిజైను చేయించాలనుకున్న రోజు ఐఐటీ గుర్తుపెట్టుకోండి.

తాండ్ర తయారీలో లోతైన అనుభవం కావాలంటే మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, సీఎఫ్‌టీఆర్‌ఐ ఉంది. 1950 నుంచి ఇదే పని. చిత్తూరు నుంచి మైసూరు పొరుగు రాష్ట్రమే. అక్కడ చిన్న కోర్సులు జరుగుతాయి, ఫీజు కడితే తయారీ పద్ధతులూ ఇస్తారు. మీ నలుగురిలో ఒకరిని శిక్షణకు పంపడం మంచి ఖర్చే. అయితే మన తోతాపురికి, మన వానలకు సరిపడా మార్పులు చేయించడానికి దగ్గరున్న ల్యాబే మేలు. నెలకోసారి శాంపిలు పట్టుకెళ్ళగలగాలి.

ఇంకో మాట. వైస్ చాన్సలర్ ఆఫీసుకు అర్జీ పెట్టి ఎదురుచూడకండి. విభాగాధిపతిని గాని, ఆ పని మీద ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసరును గాని నేరుగా కలవండి. వయసులో చిన్నవాళ్ళకు ఆసక్తి, ఓపిక రెండూ ఎక్కువ, విద్యార్థులకు ప్రాజెక్టులు వెతికేది కూడా వాళ్ళే. మొదటిసారి పోవడానికి భయంగా ఉంటే కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తతో ఫోన్ చేయించుకుని వెళ్ళండి. రైతులకు, యూనివర్సిటీకి మధ్య మాట కలపడం వాళ్ళ ఉద్యోగంలో భాగం.

క్యాలెండరు తెలియకపోతే ఏడాది పోతుంది

ఇది చాలామందికి ఎవరూ చెప్పని సంగతి. మామిడి మే నుంచి జులై దాకా. తోతాపురి జోరు జూన్, జులైలో. అప్పుడు యూనివర్సిటీలో ఏం జరుగుతుంటుంది? పరీక్షలు, సెలవులు, పాత విద్యార్థులు వెళ్ళిపోవడం, కొత్త అడ్మిషన్లు. ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు ప్రాజెక్టులు ఎక్కువగా జనవరిలో మొదలై ఏప్రిల్, మేలో ముగుస్తాయి. అంటే కాయ ఉన్నప్పుడు విద్యార్థి ఉండరు, విద్యార్థి ఉన్నప్పుడు కాయ ఉండదు. "జూన్‌లో వెళ్ళి అడిగాం, ఎవరూ పట్టించుకోలేదు" అని బాధపడేవాళ్ళకు జరిగింది చాలాసార్లు ఇదే.

దీనికి దారుంది. సీజన్లోనే కొన్ని కిలోల గుజ్జు తీసి, ఏ రకం, ఏ తోట, ఏ తేదీ అని రాసి డీప్ ఫ్రీజరులో పెట్టించండి. తాండ్రలో ప్రతి వాయ నుంచీ కొంచెం పక్కన పెట్టండి. ప్రొఫెసరును అక్టోబరు, నవంబరుల్లో కలవండి, ప్రాజెక్టులు పంచే ముందు. జనవరిలో విద్యార్థి చేరగానే గుజ్జు, తాండ్ర, మీ నోటు పుస్తకం సిద్ధంగా ఉంటాయి. ఫలితం ఏప్రిల్‌కు వస్తే మే నెల కాయకు పనికొస్తుంది. నాకు తెలిసిన ఒక బెల్లం తయారీదారుకు ఒక సంస్థ నుంచి మంచి నివేదికే వచ్చింది, కానీ గానుగాట ముగిసి, గడ్డలు అమ్ముడుపోయాక వచ్చింది. ఆయన ఏడాది పాటు మళ్ళీ హైడ్రోస్ (బెల్లం రంగు తేల్చే రసాయనం) వేసిన పాత పద్ధతిలోనే వండాల్సి వచ్చింది. తేదీ ముందే రాయించుకుని ఉంటే ఇది తప్పేది.

బి.టెక్, ఎమ్మెస్సీ వాళ్ళే కాదు. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. కామర్స్, ఎంబీఏ విద్యార్థులను తక్కువగా చూడకండి. మీ ధర లెక్క వాళ్ళతో వేయించండి. కట్టెలు, కరెంటు, తిరిగొచ్చిన సరుకు, మీ నలుగురి కూలి, అంగడి కమిషను అన్నీ కలిపి కిలో తాండ్ర మీకు ఎంతకు పడుతోందో కాగితం మీద చూసుకోండి. నేను చూసిన మహిళా సంఘాల్లో చాలావరకు తమ కూలి లెక్కలో వేసుకోరు. అది వేసి చూస్తే కొన్ని సరుకులు నష్టానికే అమ్ముతున్నట్టు బయటపడుతుంది. ఆ లెక్క చూసి చిన్న ప్యాకెట్లు ఆపేసి అర కిలో డబ్బాలకు మారి నిలదొక్కుకున్న సంఘం దామలచెరువు వైపు ఒకటుంది.

చిక్కీ గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను

తాండ్ర బూజు కంటికి కనబడుతుంది, అంగడివాడు తిప్పి పంపుతాడు, అక్కడితో ఆగుతుంది. శెనక్కాయల్లో కనబడని ప్రమాదం ఉంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు కాయలో చేరితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎక్కువ కాలం ఒంట్లోకి పోతే క్యాన్సరుకు దారితీస్తుంది. వర్షాధారంగా పండించే మన మెట్ట నేలల్లో, కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే భూమిలో ఉండగానే ఈ బూజు కాయను పట్టుకుంటుంది. పీకిన తర్వాత వాన తడిసి కుప్పలో మగ్గితే ఇంకా పెరుగుతుంది. కాయలో తేమ ఎనిమిది, తొమ్మిది శాతం కిందికి వచ్చేదాకా ఎండబెట్టి నిలవచెయ్యాలి.

నేరుగా తినే గింజల్లో కిలోకు 10 మైక్రోగ్రాములకు మించి ఉండకూడదని మన ఆహార భద్రతా సంస్థ పరిమితి పెట్టింది. ఇంకా శుద్ధి చేయబోయే గింజలకు అది 15. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. ముడతలు పడ్డవి, రంగు మారినవి, నలిగినవి ఏరి పారేయడమే మీ చేతిలో ఉన్న అతి పెద్ద ఆయుధం. విషం చాలావరకు ఆ కొన్ని గింజల్లోనే పోగై ఉంటుంది. అలా ఏరి తీసేసిన గింజలను చవగ్గా ఇంకెవరికైనా అమ్మకండి, పశువులకూ పెట్టకండి.

పూతలపట్టు వైపు ఒక గానుగ నూనె యూనిట్‌లో ఇదే పరిశోధనగా జరిగింది. బెంగుళూరు కొనుగోలుదారు అఫ్లాటాక్సిన్ రిపోర్టు అడిగారు. పరీక్ష చేస్తే పరిమితి దాటింది. ఒక విద్యార్థిని సంచి సంచికీ శాంపిలు తీసి చూస్తే, సరుకంతా చెడ్డది కాదు, పీకాక వాన తడిసిన ఒకే లాటు మిగతా దాన్ని చెడగొట్టిందని తేలింది. ఆ తర్వాత వాళ్ళు లాట్లు కలపడం మానేశారు, కొనేటప్పుడే తేమ మీటరు పెట్టి చూస్తున్నారు, ఏరడానికి ఇద్దరు ఆడవాళ్ళను పెట్టుకున్నారు. తర్వాతి రిపోర్టు పరిమితి లోపల వచ్చింది, కొనుగోలుదారు నిలిచాడు.

నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించింది చెక్క సంగతి, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి. గానుగ ఆడినప్పుడు ఈ విషంలో ఎక్కువ భాగం నూనెలో కంటే చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క ఆవులకు పోతుంది, అక్కడి నుంచి ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. పాలలో దాని పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రామే. మనది పాడి మీద బతికే జిల్లా. ఒక గానుగ యూనిట్‌లో జాగ్రత్త పడితే దాని చెక్క కొనే ఇళ్ళ పిల్లల పాలు బాగుపడతాయి. ఇలాంటి పనికి ఏ చిన్న వ్యాపారీ ఒంటరిగా డబ్బు పెట్టలేడు, యూనివర్సిటీ ఉండాల్సింది అందుకే అని నేను గట్టిగా నమ్ముతాను.

చిక్కీ కొన్ని వారాలకే పాత నూనె వాసన కొడుతోందంటే దానికీ పరిశోధన జవాబుంది. శెనక్కాయ నూనెలో ఓలిక్ ఆమ్లం ఎక్కువుంటే ఆ వాసన ఆలస్యంగా వస్తుంది. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌తో కలిసి జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ 2020లో విడుదల చేసిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఓలిక్ దాదాపు 80 శాతం ఉంటుంది. మామూలు రకాల్లో సగం అటూఇటుగా. మీ ఊరి రైతు ఒకరు ఆ విత్తనం వేస్తే గింజ మీరే కొంటామని మాటిచ్చి చూడండి. విత్తనం దొరకడం గురించి వ్యవసాయ పరిశోధన స్థానంలోనే అడగండి.

తిండి వ్యాపారాలకే ఇది పరిమితం కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనిచేసే ఒకరికి నల్ల గీతలున్న చోట బట్ట చిరుగుతోందని ఫిర్యాదులొచ్చాయి. బెల్లం, ఇనుప ముక్కలు కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన కసిమి (నల్ల రంగు ద్రావణం) మరీ పులిస్తే దాంట్లోని ఆమ్లం, ఇనుము నూలు పోగును బలహీనం చేస్తాయి. కరక్కాయ పట్టించిన బట్ట మీద రంగు నల్లగా వచ్చినా, లోపల పోగు దెబ్బతింటుంది. ఎన్నాళ్ళు ఊరబెట్టాలి, ఎంత ఉతకాలి అన్నది, పులుపు ఎంతుందో చూపే పిహెచ్ కాగితాలతో తేల్చుకున్నారు. ఆ కాగితాల ఖరీదు ఒక దుప్పటా అంత కూడా లేదు.

యూనివర్సిటీ చెయ్యలేనివి

కొనేవాళ్ళను తేలేదు. 2025 సీజన్ గుర్తుందిగా. తోతాపురి ధర పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇచ్చేలా, ప్రభుత్వం 4 కలిపేలా 12కు నిర్ణయించాల్సి వచ్చింది. ఎంత గొప్ప ల్యాబైనా ఆ ఏడాది ధరను నిలబెట్టలేకపోయేది. మీ సరుకు రుచి, నిలవ, భద్రత మెరుగుపరచడం వరకే వాళ్ళ పని. అమ్మకం మీదే. కాబట్టి పరీక్షలు మొదలుపెట్టే ముందే ఒక అంగడివాడిని అడగండి: "డిసెంబరు దాకా బూజు పడకపోతే నెలకు ఎంత తీసుకుంటావు?" ఆ జవాబే మీరు ఎంత ఖర్చు పెట్టవచ్చో చెప్తుంది. అడగకుండా గ్రాంటు కింద వచ్చిన డ్రయ్యర్లు షెడ్లలో దుమ్ము పట్టి ఉండటం నేను చూశాను. చాలా బాధేస్తుంది.

యూనివర్సిటీ విభాగం ఇచ్చే రిపోర్టు వేరు, గుర్తింపున్న ల్యాబు రిపోర్టు వేరు. కారణం వెతకడానికి విభాగం రిపోర్టు చాలు. పెద్ద అంగళ్ళు, ఎగుమతిదారులు మాత్రం ల్యాబులను పరిశీలించే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబు కాగితమే అడుగుతారు. ముందు విభాగంలో సమస్య తేల్చుకుని, చివరి వాయను మాత్రం గుర్తింపు ల్యాబుకు పంపితే డబ్బు ఆదా.

ఖర్చు

విద్యార్థి ప్రాజెక్టయితే రసాయనాల ఖర్చు, మీ రాకపోకలు తప్ప పెద్దగా ఉండదు. డబ్బు కట్టి చేయించుకుంటే తేమ, పిహెచ్, వాటర్ యాక్టివిటీ లాంటివి వందల్లో, అఫ్లాటాక్సిన్, పురుగుమందుల అవశేషాలు వేలల్లో ఉంటాయి, పైన 18 శాతం జీఎస్టీ. ఉద్యం (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషను ఉచితం, అది లేకపోతే ముందు చేయించుకోండి. చాలా చోట్ల చిన్న పరిశ్రమలకు తగ్గింపు అడగడానికి అదే ఆధారం.

యంత్రాల కోసం, చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం ఉంది. ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా, బ్యాంకు అప్పుతో కలిపి సబ్సిడీ. సంఘం సభ్యులకు ఒక్కొక్కరికి 40 వేల దాకా చిన్న పనిముట్లకు, పెట్టుబడికి మూలధనం. దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారా అన్నది జిల్లా అధికారుల దగ్గర కనుక్కోండి. కానీ కారణం తేలాకే వెళ్ళండి. లోపం ప్యాకింగుదని తేలితే మీకు కావలసింది మంచి సీలింగు యంత్రం, అల్యూమినియం పొర ఉన్న కవర్లు. దానికి అంత అప్పు అక్కర్లేదు.

తయారీ పద్ధతి బయటికి పోతుందా

భయం న్యాయమైనదే. ప్రొఫెసరుకు మీ తాండ్ర అమ్ముకోవాలని ఉండదు, పేపరు రాయాలని ఉంటుంది. అందువల్ల ఒక్క పేజీ ఒప్పందం తెలుగులోనే రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి: ఏ శాంపిళ్ళు ఇస్తున్నారు, ఏం కొలుస్తారు, ఏ తేదీకి ఫలితం ఇస్తారు, ఖర్చు ఎవరిది, పేపరు పంపే ముందు మీకు చూపిస్తారా, మీ ఊరి పేరు, సంఘం పేరు రాయవచ్చా. పాళ్ళు పూర్తిగా చెప్పనక్కర్లేని పరీక్షలకు చెప్పకండి. వాటర్ యాక్టివిటీ కొలవడానికి మీరు ఏలకులు ఎంత వేస్తారో వాళ్ళకు అవసరం లేదు.

ఎప్పటి నుంచో అందరూ చేసే తాండ్ర మీద పేటెంటు రాదు. ఒకవేళ పనిలో నిజంగా కొత్త విషయం బయటపడితే, పేపరు అచ్చు కాకముందే పేటెంటు దరఖాస్తు వెయ్యాలి. అచ్చయ్యాక వేస్తే అది కొత్తది కాదంటారు. చిన్న పరిశ్రమలకు, విద్యాసంస్థలకు ఆ ఫీజు పెద్ద కంపెనీలు కట్టేదానిలో ఐదో వంతే. పేరు ఎవరిదుండాలో కూడా ఆ ఒక్క పేజీలోనే రాయించండి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది

మీరు ప్రశ్న ఆగస్టులో అడిగారు, ఇది మంచి సమయం. మీ దగ్గర జూన్ తాండ్ర ఇంకా మిగిలుంటే నాలుగు కుప్పలు చెయ్యండి. మొదటిది ఇప్పుడున్న కవర్లోనే, కొవ్వొత్తితో అతికించి. రెండోది అదే కవరు, సీలింగు యంత్రంతో. మూడోది అల్యూమినియం పొర ఉన్న కవర్లో. నాలుగోదాన్ని మళ్ళీ ఒకటి రెండు ఎండలు తగిలించి, అల్యూమినియం కవర్లో. ఒక్కో కుప్పలో పది ప్యాకెట్లు, నంబర్లు వేసి, ఒకే గదిలో, నేలకు తగలకుండా ఎత్తున పెట్టండి. ప్రతి ఆదివారం బరువు, గదిలో తేమ రాయండి. డబ్బా మీటరు పరీక్ష నెలకోసారి, ఒక్కో కుప్ప నుంచి ఒక్కో ప్యాకెట్ తెరిచి చెయ్యండి.

నవంబరు మొదటి వారంలో బూజు పడిన ప్యాకెట్లు, పడనివి రెండూ, తెరవకుండా, పుస్తకంతో సహా హోమ్ సైన్స్ విభాగానికి తీసుకెళ్ళండి. మూడో కుప్ప నిలబడి మొదటిది చెడితే మీకు ల్యాబు అవసరం ఒక నిర్ధారణ వరకే. నాలుగోది మాత్రమే నిలబడితే ఎండబెట్టడం మీద జనవరి ప్రాజెక్టు అడగండి. నాలుగూ చెడితే ఉడికించే పద్ధతి చూడాలి, దానికి మీరు ఫ్రీజరులో పెట్టిన గుజ్జు కావాలి. ఈ ఏడాది గుజ్జు లేకపోతే, బంగారుపాళెం చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో ఒకదాన్ని కొద్దిగా అడిగి తెచ్చుకోండి. పరీక్షకు అయిదారు కిలోలు చాలు. అక్టోబరు చివర్లో మీ పట్టిక ఫొటో ఇక్కడ పెడితే, ప్రొఫెసరుకు ఇవ్వాల్సిన ఒక పేజీ ప్రశ్నను రాయడంలో నేను సాయం చేస్తాను.